పంతుళ్లను ఎత్తుకుపోయేవాళ్లు

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు తిరిగొచ్చాక దాని గురించి రాస్తారు. నేను అమెరికా వెళ్లలేదు. అక్కడి బడులకు పంతుళ్లను ఏరే పనిమీద గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగొచ్చాను. ఈ మూడు ఊళ్లూ చూడాలని మీరెప్పుడూ అనుకుని ఉండరు. నేనూ అనుకోలేదు.

పిలిచినవాడు శేఖర్. అమీర్‌పేటలో ఆఫీసు, మెడలో టై, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. అమెరికాలో ప్రభుత్వ బడులకు లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్లు దొరకడం లేదట. ఇక్కడ ఎంపికైనవాళ్లకు మూడేళ్ల వీసా ఇచ్చి తీసుకుపోతారట. హైదరాబాదు పంతుళ్లను పెద్ద ఏజెన్సీలు అప్పటికే ఊడ్చేశాయి. అందుకని శేఖర్ జిల్లాల మీద పడ్డాడు.

ఇతను ఒకప్పుడు మా ఆవిడ సరళ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. ఇంటికొచ్చి, గోడమీదున్న ఆమె ఫొటోకి దండం పెట్టి, "మేడం ఉంటే మేడమ్‌నే తీసుకుపోయేవాణ్ని సార్. ఇప్పుడిక మీరు రావాలి" అన్నాడు. పోయినేడు చనిపోయిన మనిషి తర్వాత రెండో స్థానం నాదన్నమాట. మాటలో నిజాయితీ కనిపించి ఒప్పుకున్నాను. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. వచ్చే అమెరికావిడ పక్కన కూర్చుని తెలుగును ఇంగ్లీషులోకి మార్చాలి, అంతే పని. ఇంట్లో నాకు ఎవరి మాటా మార్చే పని లేదు.

ఆవిడ పేరు కెరొల్. అక్కడెక్కడో ఎడారి పక్క ఊళ్లో హైస్కూలు ప్రిన్సిపాలు. అరవైకి దగ్గరగా ఉంటుంది. నీళ్ల సీసా చంకన పెట్టుకుని, ఎవరు ఎంతసేపు మాట్లాడినా ఓపిగ్గా విని, చివరికి ఒక్క ముక్కలో జవాబు చెప్పే మనిషి. శేఖర్‌కు ఆవిడంటే భయం. ఆవిడ మాట్లాడితే భయం, మాట్లాడకపోతే ఇంకా భయం.

గద్వాల

కొత్తకోట దాటాక రోడ్డుకు రెండు పక్కలా గుండ్లు, తుమ్మచెట్లు, వానల మీద పండే ఎర్రమట్టి చెలకలు. ఇక్కడి కరువు గురించి కెరొల్‌కు చెప్పడానికి శేఖర్ ఒక క్షమాపణ తయారుచేసుకుని వచ్చాడు. అతను మొదలుపెట్టేలోపే ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నన్ను ఇంతదూరం తిప్పి మళ్లీ మా ఊరికే తెచ్చారేమిటి?" అంది. మూడు రోజుల్లో ఆవిడ నోట విన్న ఒకే ఒక్క పొగడ్త అది.

గద్వాలలో బస్టాండు దగ్గర ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. బొరుగుల్ని తడిపి పోపు పెడితే ఉగ్గాణి. మా తెనాలిలో బొరుగులు పిల్లల చేతిలో పెట్టి ఊరుకోబెట్టేవి. వాటినే పొద్దున్నే పెద్దమనుషులు ప్లేటులో పెట్టుకుని గంభీరంగా తింటున్నారు. హోటలాయన గరిటె పట్టుకుని ప్రతివాడి నెత్తిమీదా నిలబడి "సాకా?" అంటున్నాడు. కర్ణాటక ఎంతో దూరం లేదు కనక 'చాలా?' అని కన్నడంలో అడుగుతున్నాడు. అడగడం వరకే. సాకు అన్నవాడికి కూడా ఇంకో గరిటె పడుతోంది. ప్లేటు ఎనిమిది రూపాయలు, గరిటెలకు లెక్క లేదు.

అక్కడి ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కల సారు పేరు రాములు. మేం గదిలోకి వెళ్లగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అని రాగం తీశారు. కెరొల్ నవ్వి గుడ్ మార్నింగ్ చెప్పింది. పిల్లలు నిలబడే ఉన్నారు. వాళ్లు కూర్చుంటే తనూ కూర్చుందామని కెరొల్ నిలబడింది. ఆవిడ నిలబడితే మేం కూర్చోలేం. పెద్ద చుట్టం ఎదురుగా ఉండగా పిల్లల్ని కూర్చోమనే అధికారం రాములు సారుకు లేదు. అలా గదిలో ఒక్కడూ కూర్చోకుండా పాఠం మొదలైంది. కొంతసేపటికి నాకు సంగతి అర్థమై, "కూర్చోమని మీరు చెప్పాలి" అని కెరొల్ చెవిలో అన్నాను. ఆవిడ సిగ్గుపడుతూ సిట్ డౌన్ అంది. బస్తా దించిన చప్పుడుతో అందరూ కూర్చున్నారు.

పాఠం మనకు తెలిసిందే. "త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై..." అని సారు ఆగుతాడు. "డిగ్రీలు!" అని క్లాసు అరుస్తుంది. సారు వాక్యం మొదలుపెట్టడం, చివరి మాట పిల్లలు అందుకోవడం. మనందరం అలాగే చదువుకున్నాం. కెరొల్ అది విని, "వీళ్లు ఆలోచించడం లేదు, ఖాళీలు నింపుతున్నారు" అంది.

పాఠం అయ్యాక, పిల్లలు ఒక్క ప్రశ్నా అడగలేదేమని రాములు సారును అడిగింది.

"డౌట్లు లేవు మేడం," అన్నాడాయన గర్వంగా. "గంత క్లియర్‌గ చెప్పిన."

"మీ క్లాసులో ఒక కుర్రాడు పుస్తకం విసిరేసి, నేను చదవను పో అంటే ఏం చేస్తారు?"

"వాళ్ల నాయన్ను పిలిపిస్త."

"నాన్న రాడు."

"తాతను పిలిపిస్త."

"తాత లేడు."

రాములు సారు నా వైపు జాలిగా చూశాడు. "ఎవ్వరు లేని పిల్లగాడు పాపం ఎందుకు చదువుతడు సార్? జర వాని తిండి సంగతి చూడమనుండ్రి మేడమ్‌ను."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కెరొల్ ఆయన్ను ఎంపిక చెయ్యలేదు గానీ, ఆ మాటను మాత్రం నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

సాయంత్రం శేఖర్ మమ్మల్ని చీరల దుకాణానికి తోలుకుపోయాడు. గద్వాల వచ్చి చీర కొనకపోతే ఊరు దాటనివ్వరన్నట్టు మాట్లాడాడు. కెరొల్ బల్లమీద పరుచుకుంటానని ఒకటి కొంది. దుకాణందారు మొహం చూడాల్సింది. తర్వాత నావైపు తిరిగి, "మీ ఇంట్లామెకు సార్?" అన్నాడు. అక్కర్లేదన్నాను. రంగు నచ్చలేదనుకుని ఇంకో నాలుగు తీసి పరిచాడు.

వనపర్తి

పిల్లలు ప్రశ్నలు అడగడం లేదన్న కెరొల్ ఫిర్యాదును శేఖర్ ముందురోజే వనపర్తికి ఫోనులో చేరవేశాడు. మేం వెళ్లాల్సిన బడి యజమాని మాణిక్యం. ప్రైవేటు బడి యజమానిని కరస్పాండెంటు అంటారు. ఆయన గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అమెరికా జెండా, ఆయన ఫొటో, ఆయన ఫొటో కింద చిన్నగా చదువుల తల్లి.

లెక్కల టీచరు రజియా. ముప్పైదాటిన మనిషి. నల్ల బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, చేతులకు సుద్దముక్క పొడి. ఆమె కెరొల్‌కు నమస్కారం పెట్టి, బోర్డు మీద మొదటి గీత గీసింది. క్లాసంతా ఒక్కసారి లేచింది.

"వై ఈజ్ ఇట్ సో, మేడం?"

అరవై గొంతులు ఒకే గొంతు. రజియా సుద్దముక్క జారవిడిచింది. తేరుకుని జవాబేదో చెప్పి, రెండో గీత గీసింది. మళ్లీ లేచారు. "వై ఈజ్ ఇట్ సో, మేడం?" అది గీత ఎందుకైందని వాళ్ల ప్రశ్న. మూడోసారి కిటికీ అద్దం కదిలింది. కెరొల్ చెవి రుద్దుకుంది.

"కూసోండ్రిరా! ఎవలు చెప్పిన్రు గిట్ల అడగుమని?" అని రజియా కసిరింది.

"కరస్పాండెంట్ సార్!" అని క్లాసంతా ఒక్కసారే చెప్పింది. 

తర్వాత మాణిక్యం గదిలో బిస్కెట్లు, చాయ. ఆయన చేతులు కట్టుకుని, "మరి మా బడికి అమెరికా గుర్తింపు ఎన్నడొస్తది మేడం?" అన్నాడు. నేను మార్చి చెప్పాను. ఏం గుర్తింపని కెరొల్ అడిగింది. శేఖర్ బిస్కెట్ మింగలేకపోయాడు. అతను అసలు సంగతి మాణిక్యానికి చెప్పనేలేదని అప్పుడర్థమైంది. మేం వచ్చింది బడి చూడ్డానికి కాదు, రజియాను చూడ్డానికని నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఏందీ? టీచర్ను ఎత్కపోనీకి వచ్చిన్రా?" మాణిక్యం లేచాడు. "ఇంటికి పిలిచి భోజనం పెడితే వంటమనిషిని తోలుకపోతరా? ఫ్లెక్సీ గట్టిచ్చిన గదయ్యా మీకు!"

"సార్, నేనే పేరిచ్చిన," అంది రజియా. "మీకు చెప్దామనే అనుకున్న."

"నువ్వేం చెప్పకమ్మా. అమెరికా పో. రేపటి సంది ఇక్కడ కనవడకు."

పిల్లలకంటే ఆయనే గట్టిగా అరిచాడు.

వరండాలో కెరొల్ నాతో, "ఆమెను తీసుకోలేను. పిల్లలు ఆమెతో మాట్లాడటం నేను చూడలేదు" అంది. నేను వాదించే మనిషిని కాదు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ స్టాఫ్ మీటింగుల్లో రెండేసార్లు మాట్లాడాను, రెండుసార్లూ ఫ్యాను గురించి. అయినా ఎందుకో, "మీరు చూసింది ఆమె పాఠం కాదు, మాణిక్యం పాఠం. ఆమెకు ముక్కూమొహం తెలియని పిల్లల్నిచ్చి చూడండి" అన్నాను. కెరొల్ సరేనంది. మర్నాడు నాగర్‌కర్నూలులో ఇంకో అవకాశం.

రజియాకు చెప్పాను. ఆమె సంతోషపడలేదు. "ఇంక ఇదొక్కటే ఉంది సార్. ఏ బడికి పోయినా మాణిక్యం సార్‌కే ఫోన్ చేసి అడుగుతరు. అందరు చుట్టాలోలె ఉంటరు వీళ్లు" అంది.

బయటికొస్తే మా సుమో కదల్లేదు. క్లచ్చు పోయిందన్నాడు శేఖర్. ఆ రోజు జరిగినవాటిలో నాకు ఆశ్చర్యం కలిగించనిది అదొక్కటే.

"మా ఆయన మెకానికే సార్, కొత్తకోటల," అంది రజియా.

కొత్తకోట

బెంగుళూరు రోడ్డు పక్కన లారీల మధ్య ఆమె భర్త ఖాజా షెడ్డు. మనిషిని పంపి సుమోను లాక్కురమ్మన్నాడు. ఉద్యోగం పోయిందని భార్య చెప్తే పాన తిప్పడం ఆపకుండానే, "మంచిదాయె. ఆ మాణిక్యం బండి రిపేరుకు వస్తే నాలుగు దినాలు తిప్పుత" అన్నాడు.

ఆమె అమెరికా వెళ్తే మీకు ఇష్టమేనా అని కెరొల్ అడగమంది.

"నాదేముంది సార్? ఇన్నేండ్లు బస్సుల నిలబడి పోయింది వనపర్తికి. విమానంల అయితే కూసొని పోతది."

"నిన్ను తోలుకపోనని చెప్పిన్నా?" అంది రజియా.

"నేనొచ్చి ఏం జేయాలె? ఆడ బండ్లు ఖరాబు గావంట."

ఇల్లు షెడ్డు వెనకే. జొన్నరొట్టె, పప్పు, పల్లీల పచ్చడి పెట్టారు. మా వైపు జొన్నరొట్టెను షుగరున్నవాళ్లు డాక్టరు చెప్పాడని తింటారు. ఇక్కడ దాన్ని నమ్మి తింటారు. కెరొల్ మూడు తింది. వాళ్ల ఊళ్లో మొక్కజొన్నతో ఇలాంటిదే చేస్తారట.

రజియా వడ్డిస్తూ, "పప్పుల ఉప్పు జర ఎక్కు..." అని ఆగింది.

"వైంది," అన్నాడు ఖాజా, తల ఎత్తకుండా.

కాసేపటికి, "ఇంకో రొట్టె తెస్తు..."

"న్న అంటది, తేదు."

సరళ కూడా ఇంతే. బళ్లో అలవాటు ఇంటికి తెచ్చేది. "బియ్యం అయిపో..." అని వంటింట్లోంచి ఆగితే, పేపరు చదువుతూ "యాయి" అనేవాణ్ని. అన్నేళ్లలో నేను సొంతంగా మాట్లాడిన మాటలకంటే ఆమెకు పూర్తిచేసి ఇచ్చినవే ఎక్కువ. ఇప్పుడు ఎవరూ నాకోసం వాక్యం మధ్యలో ఆగడం లేదు.

భాష రాకపోయినా కెరొల్ ఆ భార్యాభర్తల తీరు గమనించింది. చేయి కడుక్కుంటూ రజియాతో మర్యాదగానే చెప్పింది. రేపు మాత్రం వాక్యాలు పూర్తిగా చెప్పమ్మా, ఖాళీలు వదలకు, మా పిల్లలు వాటిని నింపరు అని. రజియా తల ఊపింది. 

నాగర్‌కర్నూలు

ఖాజా బాగుచేసిన సుమోలో వెళ్లేసరికి, మాకంటే ముందు మాణిక్యం ఫోను చేరింది. మాట ఇచ్చిన బడి గేటుకు తాళం. వాచ్‌మన్ ఊచల వెనకనుంచి, "మీరేనా పంతుళ్లను ఎత్కపోయేటోళ్లు?" అని అడిగాడు. చాలా కుతూహలంగా, దొంగల్ని మొదటిసారి దగ్గరనుంచి చూసినట్టు అడిగాడు. రెండో బడిలో లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్న శబ్దం వినిపిస్తుండగానే సెలవన్నారు. మూడోచోట శేఖర్ టై తీసి జేబులో పెట్టుకుని వెళ్లాడు. అయినా గుర్తుపట్టారు.

చాయ దుకాణం ముందు నిలబడ్డాం. రెండు రూపాయల చాయ, సగం గ్లాసు. కెరొల్ గడియారం చూసుకుంది. సాయంత్రానికి హైదరాబాదు, ఆ రాత్రే విమానం. రజియా చాయ చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.

"సర్కారు బడికి పోండ్రి సార్," అన్నాడు చాయ ఆయన. "తెలకపల్లి దిక్కు పోతే ఎవలన్న రానిస్తరు. ఆడికి మాణిక్యం ఫోన్ చేయడు."

తెలకపల్లి దగ్గర

ఊరికి ఇవతలే రోడ్డు పక్కన ఒక బడి కనిపిస్తే ఆగాం. హెడ్మాస్టరు బక్కమనిషి, చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులు. ఈసారి నేనేమీ దాచలేదు. ఫలానా అమెరికావిడ, ఫలానా టీచరు, మీ పిల్లలకు ఒక పాఠం చెప్పించి చూస్తాం అన్నాను. మా గురించి విన్నారా అని కూడా అడిగాను.

"ఇన్న సార్. మా దగ్గర ఎత్కపోనీకి ఏముంది? లెక్కల సారు బదిలీ మీద పోయి ఏడాది దాటింది. ఇంకొకరు రాలే. చెప్పుకోండ్రి, చెప్పుకోండ్రి. మా పోరగాండ్లకు ఒక పాఠమన్న అయితది."

తెలుగు మీడియం. పర్వాలేదు, నేను చూడాల్సింది పిల్లల్ని అంది కెరొల్. ఈసారి గదిలోకి వెళ్తూనే సిట్ డౌన్ అని తనే చెప్పింది. నేర్చుకునే మనిషి.

రజియా మొదలుపెట్టింది. చతురస్ర వైశాల్యం. చెప్పినట్టే వాక్యాలన్నీ పూర్తిగా చెప్పింది, ఎక్కడా ఆగలేదు. పిల్లలు ఆమెను రేడియోను చూసినట్టు చూశారు. ఒకడు ఆవలించాడు. కెరొల్ పెన్ను కదల్లేదు. శేఖర్ కళ్లు మూసుకున్నాడు, ప్రార్థనో నిద్రో తెలియదు.

రజియా బోర్డు తుడిచేసింది. ఒకసారి కెరొల్ వైపు చూసి, "అందరు బయటికి పాండ్రి" అంది.

బడి ముందు మట్టినేల. పుల్లతో ఒక చిన్న చతురస్రం గీసింది. "ఇది ఒక చెలక. దీనికి ఒక మూట పల్లి ఇత్తనం పట్టింది." పిల్లల్ని ఒత్తుగా అందులో కూర్చోబెట్టింది. తొమ్మిదిమంది పట్టారు. "ఈ తొమ్మిదిమంది ఒక మూట." పక్కన పెద్ద చతురస్రం గీసింది. "దీని పక్కలు దానికి రెట్టింపు. మరి దీనికి ఇత్తనం ఎన్ని..."

ఆగింది. ఖాళీ వదిలేసింది. కెరొల్ నిట్టూర్చింది.

"రెండు మూటలు!" అని అందరూ అరిచారు.

"మంచిది. రెండు మూటలే ఏద్దాం."

పద్దెనిమిదిమంది వెళ్లి పెద్ద చెలకలో కూర్చున్నారు. సగమే నిండింది. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. తర్వాత, మన జాతి లక్షణం కనక, కాళ్లు బారచాపి ఖాళీని నింపడం మొదలుపెట్టారు.

"దగ్గర కూసోండ్రిరా. ఇత్తనాలు కాళ్లు సాపుతయా?"

అప్పుడు బయట మిగిలినవాళ్లలోంచి ఒక పిల్ల, చెయ్యెత్తకుండా, పక్కవాళ్లను చూడకుండా, "గదెట్ల మేడం? ఇంక సగం జాగ మిగిలింది గద!" అంది.

"నన్నడుగుతవేందే? రెండు మూటలన్నది నువ్వే గద."

"అందరన్నరని అన్న."

"కాదు మేడం, గీత తప్పు గీసిన్రు," అన్నాడింకొకడు. గీత కొలిచారు. గీత సరిగానే ఉంది. "అయితే మూడు మూటలు." మూడోమూట వెళ్లి కూర్చుంది. ఇంకా జాగా ఉంది. అప్పుడు మొదలైంది గొడవ. ఒకడు వద్దంటాడు, ఒకతె పొమ్మంటుంది, లోపల కూర్చున్నవాళ్లు లేచి వాదిస్తున్నారు. రజియా పుల్ల పట్టుకుని పక్కన నిలబడింది, ఒక్క మాట చెప్పకుండా.

"ఆ అమ్మాయి ఏమడిగింది?" అంది కెరొల్.

"అదెలా, అని."

"అడగమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

నాలుగో మూటకు పిల్లలు చాల్లేదు. హెడ్మాస్టరు, శేఖర్, నేను కూడా వెళ్లి కూర్చున్నాం. చెలక నిండింది.

కెరొల్ వెళ్లి రజియాకు చేయి అందించింది. "ఆగస్టులో రా" అంది. ఆ రెండు మాటలూ రజియాకు నేను మార్చి చెప్పక్కర్లేదు. బురఖా అంచుతో చేతి సుద్ద తుడుచుకుంది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

వెళ్లేటప్పుడు హెడ్మాస్టరు సుమో దాకా వచ్చి, రజియాతో కాదు, నాతో అన్నాడు: "మంచిగ చెప్పింది సార్. జర రేపు గూడ పంపుతరా?"

ఆయనేమన్నాడని కెరొల్ అడిగింది. మెత్తగా మార్చి చెప్పొచ్చు. ఉన్నదున్నట్టే చెప్పాను. కెరొల్ నీళ్ల సీసా మూత తీసి, తాగకుండా మళ్లీ పెట్టింది. రజియా నేలకేసి చూసింది. మట్టిలో చెలక గీతలు అలాగే ఉన్నాయి. పిల్లలు వాటిమీద అప్పుడే తొక్కుడుబిళ్ల మొదలుపెట్టారు.

దారిలో శేఖర్ స్వీట్లు కొందామన్నాడు. అతనొక్కడే కొని, ఒక్కడే తిన్నాడు.

ఇంటికొచ్చాక

రజియా ఆగస్టులో వెళ్లింది. ఖాజా ఇంకా కొత్తకోటలోనే ఉన్నాడు. మాణిక్యం బండిని ఏం చేశాడో తెలియదు. తెలకపల్లి దగ్గరి ఆ బడికి లెక్కల సారు వచ్చాడో లేదో కనుక్కుందామని రెండుసార్లు అనుకుని, కనుక్కోలేదు. జవాబు తెలుసు కనక.

మొన్న ఆదివారం రజియా ఫోన్ చేసింది. అక్కడి పిల్లలు మంచివాళ్లేనట, పుస్తకం మాత్రం నిజంగానే విసురుతారట.

"ఖాళీలు నింపుతున్నారా?" అన్నాను.

"యాడ సార్? మొదట్ల నేను వాక్యం సగం జెప్పి ఆగితే నా మొకం చూసేది. ఒక పిల్లయితే లేచొచ్చి, మేడం, మీకు పానం బాగలేదా అని అడిగింది."

"మరి ఇప్పుడేం చేస్తున్నావమ్మా?"

"ఆగుత సార్. వాళ్లు నింపేదాంక ఆగుత. నిన్న ఒకడు నింపిండు. తప్పే. కాని నింపిండు."

అక్కడ పొద్దుపోతోందట, ఇక్కడ ఎండ ఎక్కుతోంది.

"సరే సార్, ఉంట. మీరు అన్నం..."

ఆగింది.

"తిన్నాను," అన్నాను.

తినలేదు. ఫోను పెట్టేసి వెళ్లి బియ్యం కడిగాను.